వెన్నెముక ఎక్స్‌రే: ఎలా పడుకోబెడతారు, ఎందుకు అలా, మనం ఏం తెలుసుకుని వెళ్లాలి

నడుము నొప్పో మెడ నొప్పో లేని ఇల్లు మన సంఘాల్లో తక్కువ. డాక్టరు చీటీ రాస్తారు, ఎక్స్‌రే గదికి వెళతాం, అయిదు నిమిషాల్లో బయటికి వస్తాం. ఆ అయిదు నిమిషాల్లో ఏం జరిగిందో చాలామందికి తెలియదు. తరతరాలుగా కర్ణాటకలోనో, తమిళనాడులోనో, ఒడిశాలోనో, మహారాష్ట్రలోనో ఉంటున్నా, ఇంట్లో తెలుగు తప్ప మాట్లాడని అమ్మమ్మలు, నాయనమ్మలు మనకు ఇప్పటికీ ఉన్నారు. గదిలో టెక్నీషియన్ ఒక పక్కకు తిరగమంటారు, మోకాళ్లు ముడవమంటారు, గాలి వదిలి ఆపమంటారు. వెంట వచ్చిన మనవడిని అప్పటికే తలుపు బయట నిలబెట్టి ఉంటారు. మాట అర్థం కాక కదిలితే బొమ్మ చెదురుతుంది, మళ్లీ తీస్తారు. మళ్లీ తీయడమంటే ఇంకోసారి కిరణాలు ఒంటికి తగలడమే.

వెన్నెముక ఎక్స్‌రే బాగా రావడం సగం యంత్రం మీద, సగం బల్ల మీద ఉన్న మనిషి మీద ఆధారపడి ఉంటుంది. ఏ భాగానికి ఎలా పడుకోవాలో, ఎందుకు అలా పడుకోవాలో ముందే తెలిస్తే ఆ సగం మన చేతిలోకి వస్తుంది. మేము వైద్యులం కాము. డాక్టరు, టెక్నీషియన్ చెప్పిందే చివరి మాట. వాళ్లు చెప్పేది మన పెద్దలకు అర్థం కావాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం. ఇంట్లో అందరూ చదవండి, చదవలేనివారికి చదివి వినిపించండి.

చీటీలో రాసింది ఏమిటి

మన వెన్నెముకలో పూసలు 33. మెడలో 7, వీపులో 12, నడుములో 5. వాటి కింద 5 పూసలు కలిసిపోయి త్రికాస్థిగా ఉంటాయి. చిట్టచివర సాధారణంగా 4 చిన్న పూసలు కలిసి తోక ఎముక అవుతుంది.

చీటీలో ‘సి స్పైన్’ అని ఉంటే మెడ. ‘డి స్పైన్’ లేదా ‘టి స్పైన్’ అంటే వీపు. ‘ఎల్ఎస్ స్పైన్’ అంటే నడుము, త్రికాస్థి కలిపి. ‘డిఎల్ స్పైన్’ అంటే వీపు కింది భాగం, నడుము పై భాగం కలిసే చోటు. ఎత్తు నుంచి పడినప్పుడు ఎక్కువగా విరిగేది ఇక్కడే. ‘ఏపీ’ అంటే కిరణం ముందు నుంచి వెనక్కి పోయేలా తీసే బొమ్మ. ‘లాటరల్’ అంటే పక్క నుంచి తీసేది. ‘ఆబ్లిక్’ అంటే ఏటవాలుగా తీసేది.

రెండు బొమ్మలు ఎందుకు, ఒకటి చాలదా అని మనవాళ్లు అడుగుతుంటారు. చాలదు. ఎక్స్‌రే నీడ లాంటిది. గోడ మీద నీడ చూసి వస్తువు ముందుకు వంగిందో వెనక్కి వంగిందో చెప్పలేం. ముందు నుంచి తీసిన బొమ్మలో నిక్షేపంగా కనిపించే పూస పక్క బొమ్మలో ముందు వైపు నలిగి కనిపించవచ్చు. ఎముకలు గుల్లబారిన పెద్దవాళ్లలో పూస నలగడం చాలావరకు పక్క బొమ్మలోనే తేలుతుంది. అందుకే ఒకదానికొకటి లంబంగా ఉండే రెండు బొమ్మలు తీయడం మొదటి నియమం. ఒక బొమ్మతో ఆపమని అడిగి పైసలు మిగుల్చుకోవాలని చూడకండి.

గదిలోకి వెళ్లేముందు

లోహం ఎముక మీద నీడ వేస్తుంది. మెడ ఎక్స్‌రేకు చెవి కమ్మలు, ముక్కుపుడక, తలపిన్నులు, వినికిడి యంత్రం, కట్టుడు పళ్ల సెట్టు తీయాలి. జడ కూడా నీడ వేస్తుంది. ఒత్తుగా ఉన్న జడను మెడ మీద పడకుండా నెత్తి మీదికి ముడి వేసుకోవాలి. వీపు, నడుము ఎక్స్‌రేకు హుక్కులు, పిన్నీసులు, మొలతాడుకున్న వెండి బిళ్ల, తాయెత్తు, జరీ అంచు, జేబులోని నాణేలు, ఫోను తీసేయాలి. నొప్పికి వేసుకున్న పట్టీలు కూడా తీసేయడం మంచిది.

మంగళసూత్రం విషయంలో పెద్దవాళ్లు ఇబ్బంది పడతారు. నడుము ఎక్స్‌రే అయితే గొలుసును పైకి, భుజం వైపు జరిపితే సాధారణంగా సరిపోతుంది. మెడకు, వీపుకు అయితే తీయక తప్పదు. అడ్డం వచ్చేది పుస్తెలూ గొలుసూ, నూలు తాడు కాదు. కాబట్టి ముందురోజే ఇంట్లో పసుపుతాడు మెడలో వేసుకుని బంగారం తీసి పెట్టుకుని వెళితే, గదిలో తర్జనభర్జన ఉండదు, నగ పోతుందన్న భయమూ ఉండదు.

మామూలు వెన్నెముక ఎక్స్‌రేకు ఖాళీ కడుపుతో పోవాల్సిన పని సాధారణంగా లేదు. త్రికాస్థి, తోక ఎముకల ఎక్స్‌రే అయితే ముందుగా మూత్రవిసర్జన చేసి వెళ్లాలి. మూత్రాశయం నిండి ఉంటే ఆ ఎముకల మీద నీడ పడుతుంది.

మెడ ఎక్స్‌రే

ముందు నుంచి తీసే బొమ్మకు నిలబెడతారు, లేదా వెల్లకిలా పడుకోబెడతారు. గడ్డం కొద్దిగా పైకి ఎత్తమంటారు. ఎత్తకపోతే దవడ ఎముక మెడపూసల మీద పడి పై పూసలు కనిపించవు. యంత్రాన్ని తల వైపుకు 15 నుంచి 20 డిగ్రీలు వంచి, గొంతుముడి దగ్గర గురి పెడతారు. మెడ సహజంగానే ముందుకు వంపు తిరిగి ఉంటుంది కాబట్టి, ఆ వాలులో కిరణం పోతేనే పూసల మధ్య సందులు విడివిడిగా తెలుస్తాయి.

పక్క బొమ్మకు కూర్చోబెట్టి గానీ నిలబెట్టి గానీ తీస్తారు. ఇక్కడ మన సహకారం ఎక్కువ కావాలి. భుజాలు ఎంత కిందికి దిగితే అంత మంచిది. మెడ చివరి పూస, అంటే 7వది, వీపు మొదటి పూస కలిసే చోటు బొమ్మలో పడాలి. అది భుజాల నీడలో దాక్కుంటుంది. అందుకే కొన్నిచోట్ల రెండు చేతులకూ చిన్న బరువులు ఇస్తారు, గాలి పూర్తిగా వదిలి ఆపమంటారు. గాలి వదిలితే భుజాలు వాటంతట అవే దిగుతాయి. భుజం అడ్డు వల్ల మెడకూ ప్లేటుకూ మధ్య దూరం ఉంటుంది, దాంతో బొమ్మ పెద్దదై మసకబారుతుంది. ఆ లోటు పూడ్చడానికి యంత్రాన్ని 180 సెంటీమీటర్ల దూరానికి జరుపుతారు. మిగతా వెన్నెముక ఎక్స్‌రేలకు సాధారణంగా 100 సెంటీమీటర్ల దూరం ఉంటుంది. యంత్రం దూరంగా పోయిందని కంగారు పడనక్కరలేదు.

అయినా 7వ పూస కనిపించకపోతే ఒక చేయి పైకెత్తి, ఇంకో చేయి కిందికి దించి మళ్లీ తీస్తారు. ఈతగాడు చేయి వేసినట్టు ఉంటుంది కాబట్టి దీన్ని ‘స్విమ్మర్స్ వ్యూ’ అంటారు.

తలను మోసే మొదటి రెండు పూసల కోసం నోరు బాగా తెరిపించి, నోటిలోంచి తీస్తారు. పై పళ్ల అంచు, తల వెనక భాగపు ఎముక అంచు ఒకే గీతలోకి వచ్చేలా తలను సరిచేస్తారు. ‘ఆ...’ అనమంటే నాలుక కిందికి అణుగుతుంది. ఇది చాలామందికి వింతగా తోస్తుంది. నోరు ఎందుకు తెరవమంటున్నారో తెలియక పెద్దవాళ్లు మూసేస్తుంటారు. ముందే చెప్పి పంపండి.

చేతుల్లో తిమ్మిర్లు ఉంటే నరాలు బయటికి వచ్చే రంధ్రాలు చూడటానికి ఒంటిని 45 డిగ్రీలు తిప్పి తీస్తారు. మెడ ముందుకు వంచి, వెనక్కి వంచి తీసే బొమ్మలు డాక్టరు ప్రత్యేకంగా రాస్తేనే తీస్తారు. మనంతట మనం నెమ్మదిగా వంచగలిగినంతే వంచాలి. ఇంకొకరు తల పట్టుకుని వంచకూడదు.

వీపు ఎక్స్‌రే

వెల్లకిలా పడుకోబెట్టి, కంఠం కింది గుంట నుంచి 8 నుంచి 10 సెంటీమీటర్లు కిందికి, అంటే దాదాపు 7వ వీపు పూస మీద గురి పెడతారు. వీపు పై భాగం పలుచన, కింది భాగం మందం. ఎక్స్‌రే గొట్టం నుంచి కిరణం ఒక చివర కాస్త బలంగా, ఇంకో చివర కాస్త బలహీనంగా వస్తుంది. అందుకని బలమైన చివర పొట్ట వైపు, బలహీనమైన చివర తల వైపు ఉండేలా పడుకోబెడతారు. తల ఇటు పెట్టండి, అటు కాదు అని టెక్నీషియన్ పట్టుబట్టడానికి కారణం ఇదే.

పక్క బొమ్మకు చేతులు ముందుకు చాచి పైకి పెట్టమంటారు. ఇక్కడ ఒక తేడా ఉంది. కొన్నిచోట్ల ఈ బొమ్మకు ఊపిరి ఆపమని అనరు. చిన్నగా, నెమ్మదిగా ఊపిరి తీస్తూనే ఉండమని, ఒళ్లు మాత్రం కదపొద్దని చెబుతారు. కిరణాన్ని 2, 3 సెకన్లపాటు ఇస్తారు. ఆ సమయంలో పక్కటెముకలు, ఊపిరితిత్తుల నీడలు కదిలి చెదిరిపోతాయి, కదలని పూసలు మాత్రం స్పష్టంగా నిలుస్తాయి. కాబట్టి ఊపిరి ఆపాలా, తీస్తూ ఉండాలా అన్నది గదిలో అడిగి తెలుసుకోవాలి.

నడుము ఎక్స్‌రే

మనవాళ్లు ఎక్కువగా తీయించుకునేది ఇదే. వెల్లకిలా పడుకున్నాక మోకాళ్లు ముడవమంటారు. కాళ్లు చాపుకుని పడుకుంటే నడుము కింద చేయి దూరేంత ఖాళీ ఉంటుంది. మోకాళ్లు ముడిస్తే ఆ వంపు తగ్గి నడుము బల్లకు ఆనుతుంది. పూసల మధ్య సందులు తెరుచుకుని కనిపిస్తాయి, పడుకున్నవారికి నొప్పి కూడా తగ్గుతుంది. తుంటి ఎముక పై అంచు ఎత్తులో గురి పెడతారు. నాలుగు, అయిదు నడుము పూసల మధ్య సందు దాదాపు అక్కడే ఉంటుంది. టెక్నీషియన్ తుంటి దగ్గర చేయి పెట్టి నొక్కి చూసేది ఆ ఎత్తు పట్టుకోవడానికే. ఆడవాళ్లు ఇబ్బంది పడకుండా ఉండటానికి ఈ సంగతి ముందే తెలిసి ఉండాలి. ఆడమనిషి తోడు కావాలని అడగడంలో తప్పు లేదు.

పక్క బొమ్మకు ఎక్కువగా ఎడమ పక్కకు తిప్పి, మోకాళ్లు పొట్ట వైపు ముడిపిస్తారు. నడుము సన్నగా, తుంటి వెడల్పుగా ఉన్నవారికి పక్కకు తిరిగినప్పుడు వెన్ను మధ్యలో కిందికి జారుతుంది. అప్పుడు నడుము కింద దిండు గానీ మడత పెట్టిన దుప్పటి గానీ పెట్టి వెన్నును బల్లకు సమాంతరం చేస్తారు, లేదా కిరణాన్ని కాళ్ల వైపుకు కొద్ది డిగ్రీలు వంచుతారు. ఆ దిండు ఇబ్బందిగా ఉందని తీసేయకండి. చివరి నడుము పూస, త్రికాస్థి కలిసే చోటు తుంటి ఎముకల మధ్య ఉంటుంది కాబట్టి దానికి విడిగా ఇంకో చిన్న బొమ్మ తీయవచ్చు. అది తప్పు దిద్దుకోవడానికి తీసేది కాదు, పద్ధతిలో భాగమే.

పక్క బొమ్మకు ముందు బొమ్మకన్నా ఎక్కువ బలమైన కిరణం కావాలి, ఎందుకంటే పక్క నుంచి ఒంటి మందం ఎక్కువ. ముందు బొమ్మకు సుమారు 75 నుంచి 85, పక్క బొమ్మకు సుమారు 85 నుంచి 95 కిలోవోల్టులు పెట్టడం మామూలు. లావుగా ఉన్నవారికి ఇంకాస్త పెంచుతారు. అందుకే బరువు అడుగుతారు, మొహమాటపడకుండా సరిగ్గా చెప్పండి.

ఊపిరి గురించి ఒక ముఖ్యమైన మాట

మన పెద్దలు చాలామంది ఛాతీ ఎక్స్‌రే ఎన్నోసార్లు తీయించుకుని ఉంటారు. దానికి గాలి బాగా పీల్చి ఆపాలి. ఆ అలవాటుకొద్దీ నడుము ఎక్స్‌రేలో కూడా గట్టిగా గాలి పీల్చేస్తారు. వెన్నెముక బొమ్మలకు చాలాచోట్ల దీనికి వ్యతిరేకం: గాలి వదిలి ఆపాలి. గాలి వదిలితే ఊపిరితిత్తుల కింది పొర పైకి పోతుంది, పొట్ట మందం తగ్గి బొమ్మ అంతటా ఒకే నలుపు తెలుపులో వస్తుంది. ‘ఊపిరి ఆపండి’ అన్న ఒక్క మాట వింటే చాలదు, పీల్చి ఆపాలా, వదిలి ఆపాలా అని వినాలి.

మన ప్రాంతాల్లో వినిపించే మాటలు కింద ఇస్తున్నాం. కాగితం మీద రాసి పెద్దవాళ్ల సంచిలో పెట్టండి.

కన్నడం: ‘ఉసిరు ఎళెదుకొళ్ళి’ (గాలి పీల్చండి), ‘ఉసిరు బిడి’ (వదలండి), ‘ఉసిరు హిడిదుకొళ్ళి’ (ఆపండి), ‘అలుగాడబేడి’ (కదలొద్దు).

తమిళం: ‘మూచ్చై ఇళుంగ’ (పీల్చండి), ‘మూచ్చై విడుంగ’ (వదలండి), ‘మూచ్చై పిడిచ్చుక్కోంగ’ (ఆపండి), ‘అసైయాదీంగ’ (కదలొద్దు).

మరాఠీ: ‘శ్వాస ఘ్యా’ (పీల్చండి), ‘శ్వాస సోడా’ (వదలండి), ‘శ్వాస రోఖూన్ ధరా’ (ఆపండి), ‘హలూ నకా’ (కదలొద్దు).

ఒడియా: ‘నిశ్వాస నిఅంతు’ (పీల్చండి), ‘నిశ్వాస ఛాడంతు’ (వదలండి), ‘నిశ్వాస బంద కరంతు’ (ఆపండి), ‘హలంతు నాహిఁ’ (కదలొద్దు).

పెద్ద ఆసుపత్రుల్లో సిబ్బంది వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవారు కావచ్చు. అప్పుడు హిందీలో ‘సాంస్ రోకియే’ అంటారు. యానాం వారికి ఊళ్లోనూ, కాకినాడలోనూ తెలుగే నడుస్తుంది. పుదుచ్చేరి వెళ్లినప్పుడు పై తమిళ మాటలు పనికొస్తాయి.

వినికిడి తగ్గినవారి సంగతి వేరే. వినికిడి యంత్రం తీసేశాక వాళ్లకు ఏ భాషా వినపడదు. బల్ల ఎక్కకముందే చేతి సైగ ఒకటి ఖాయం చేసుకోమని టెక్నీషియన్‌ను అడగండి: చేయి ఎత్తితే వదిలి ఆపాలి, దించితే మామూలుగా పీల్చుకోవచ్చు. ఇంట్లో రెండుసార్లు అభ్యాసం చేయిస్తే ఇంకా మంచిది.

దెబ్బ తగిలినప్పుడు

చెట్టు మీద నుంచో, మేడ మీద నుంచో, బండి మీద నుంచో పడినవారికి పైన చెప్పిన పద్ధతులు వర్తించవు. వాళ్లను తిప్పకూడదు, కూర్చోబెట్టకూడదు, మెడ పట్టీ తీయకూడదు. స్ట్రెచర్ మీద పడుకున్నవారిని అలాగే ఉంచి, యంత్రాన్నే పక్కకు తెచ్చి అడ్డంగా కిరణం పంపి పక్క బొమ్మ తీస్తారు. పెద్ద దెబ్బ అయితే, సౌకర్యం ఉన్నచోట నేరుగా సీటీ స్కాన్ చేస్తారు.

బంధువులు ప్రేమతో ‘కాస్త పక్కకు తిప్పుదాం, కాస్త లేపి నీళ్లు పట్టిద్దాం’ అంటారు. విరిగిన పూస కదిలి వెన్నుపాము నలిగితే కాళ్లూ చేతులూ శాశ్వతంగా పడిపోవచ్చు. డాక్టరు కదపవచ్చని చెప్పేవరకూ ఎవరూ చేయి వేయకూడదు. ఇందులో మొహమాటానికి చోటు లేదు.

గర్భిణులు, కొత్త కోడళ్లు

నడుము ఎక్స్‌రేలో గర్భసంచి నేరుగా కిరణం దారిలో ఉంటుంది. అందుకే పెళ్లయిన ఆడవాళ్లను నెలసరి తేదీ అడుగుతారు. ఇంకా ఎవరికీ చెప్పని కోడలు, అత్తగారి ముందు నోరు విప్పలేక ‘ఏమీ లేదు’ అనేసే ప్రమాదం ఉంది. ఆ ప్రశ్న అడిగేటప్పుడు పెద్దవాళ్లు కాస్త పక్కకు తప్పుకోవాలి. నెలసరి తప్పినా, అనుమానం ఉన్నా డాక్టరుకూ టెక్నీషియన్‌కూ చెప్పాలి. పరీక్ష వాయిదా వేయవచ్చో, వేరే పరీక్ష చాలునో వాళ్లు నిర్ణయిస్తారు.

తెలియక తీయించుకున్నాక గర్భం అని తేలితే హడలిపోవద్దు. నడుము ఎక్స్‌రేలో గర్భానికి తగిలేది సాధారణంగా కొద్ది మిల్లీగ్రేలు మాత్రమే. 100 మిల్లీగ్రేల లోపు అయితే ఆ కారణంతో గర్భం తీయించుకోనక్కరలేదని అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ సంఘం 2000లోనే స్పష్టం చేసింది. ఇరుగుపొరుగు మాట విని తొందరపడకండి. ఎక్స్‌రే కాగితాలు తీసుకుని డాక్టరును కలవండి.

రోగిని పట్టుకోవడానికి గదిలో ఎవరైనా ఉండాల్సి వస్తే, గర్భిణిని గానీ చిన్నపిల్లల్ని గానీ పంపకండి. ఉండేవారు సీసం కోటు అడిగి వేసుకోవాలి, నేరుగా కిరణం దారిలో నిలబడకూడదు. ప్రతిసారీ ఒకరే వెళ్లకుండా ఇంట్లో మార్చుకోండి.

పిల్లల గూని, పక్క వంపు

ఎదిగే పిల్లల్లో, ముఖ్యంగా 10 ఏళ్లు దాటిన ఆడపిల్లల్లో, వెన్ను పక్కకు వంపు తిరగడం ఉంటుంది. ఒక భుజం ఎత్తుగా ఉండటం, కాళ్లు కలిపి ముందుకు వంగినప్పుడు వీపు ఒక పక్క ఉబ్బెత్తుగా కనిపించడం దీని గుర్తులు. దీనికి చెప్పులు లేకుండా, మామూలుగా నిలబెట్టి, వెన్నెముక మొత్తం ఒకే బొమ్మలో వచ్చేలా తీస్తారు. పడుకోబెడితే వంపు తక్కువగా కనిపిస్తుంది. వంపును కాబ్ కోణం అనే కొలతతో లెక్కిస్తారు. 10 డిగ్రీలు, ఆపైన ఉంటేనే వంపుగా పరిగణిస్తారు.

ఈ పిల్లలకు ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ ఎక్స్‌రేలు అవసరం అవుతాయి. అందుకే వీపు యంత్రం వైపు పెట్టి, వెనక నుంచి ముందుకు కిరణం పంపడం మంచి పద్ధతి. రొమ్ములకు, థైరాయిడ్‌కు తగిలే కిరణాలు దీనివల్ల బాగా తగ్గుతాయి. తల్లిదండ్రులు ఈ మాట మర్యాదగా అడగవచ్చు.

మన ప్రాంతాలకు సంబంధించిన ఒక జబ్బు

ఫ్లోరైడ్ నీళ్ల వల్ల వెన్ను బిగుసుకుపోయే జబ్బు మన తెలుగువాళ్లకు కొత్త కాదు. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో దీన్ని గుర్తించి 1937లో వైద్య పత్రికలో ప్రకటించారు. నల్గొండ పేరు అందరికీ తెలిసిందే. తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉన్న కోలారు, పావగడ, కృష్ణగిరి ప్రాంతాల బోరు నీళ్లలోనూ ఫ్లోరైడ్ సమస్య ఉంది. ఈ జబ్బులో వెన్నెముక, తుంటి ఎముకలు ఎక్స్‌రేలో మామూలుకన్నా తెల్లగా, దట్టంగా కనిపిస్తాయి, పూసలను కట్టి ఉంచే పట్టీలు ఎముకలా గట్టిపడతాయి. ముంజేయి ఎక్స్‌రే కూడా తీయించమంటే ఆశ్చర్యపోకండి. అక్కడి రెండు ఎముకల మధ్య పొర గట్టిపడటం దీనికి మంచి ఆనవాలు. ఏ ఊళ్లో ఎన్నేళ్లు ఏ నీళ్లు తాగారో డాక్టరుకు చెప్పండి. ఆ సంగతి ఎక్స్‌రే చెప్పదు.

కిరణాల భయం ఎంత, జాగ్రత్త ఎంత

ప్రకృతి నుంచి మనిషికి ఏడాదికి ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్టుల రేడియేషన్ తగులుతుంది. నడుము ఎక్స్‌రేకు సుమారు 1.5, వీపుకు సుమారు 1, మెడకు సుమారు 0.2 మిల్లీసీవర్టులు. ఒక ఛాతీ బొమ్మకు 0.02 మాత్రమే. అంటే నడుము ఎక్స్‌రే ఒకటి ఛాతీ బొమ్మలు డెబ్బై అయిదింటికి సమానం. అవసరమైనప్పుడు భయపడాల్సినంత కాదు, ఊరికే తీయించుకునేంత చిన్నదీ కాదు.

ఈ మోతాదు తగ్గించే మార్గాల్లో ముఖ్యమైనది కిరణాన్ని కావలసిన చోటుకే కుదించడం. యంత్రం నుంచి ఒంటి మీద పడే వెలుగు చతురస్రం ఆ హద్దు చూపిస్తుంది. పొట్ట కింద సీసం ముక్క కప్పలేదని కొందరు గొడవ పడతారు. అది ఒక్కోసారి చూడాల్సిన ఎముకనే కప్పేస్తుంది. రోగికి అలా కప్పడాన్ని అలవాటుగా చేయనక్కరలేదని అమెరికాలోని వైద్య భౌతిక శాస్త్రవేత్తల సంఘం 2019లో ప్రకటించింది. కాబట్టి కప్పకపోవడాన్ని నిర్లక్ష్యం అనుకోవద్దు.

మన దేశంలో ఎక్స్‌రే యంత్రాలకు 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి లైసెన్సు ఉండాలి. గది తలుపు మూసి ఉండటం, బయట ఎర్ర దీపం, గర్భిణులకు హెచ్చరిక బోర్డు ఉండటం మనం చూసుకోగలిగిన గుర్తులు. తలుపు తెరిచిపెట్టి తీస్తుంటే మూయమని అడగండి.

ఎప్పుడు కావాలి, ఎప్పుడు అక్కరలేదు

బరువు ఎత్తినప్పుడు పట్టేసిన మామూలు నడుము నొప్పికి మొదటి ఆరు వారాల్లో సాధారణంగా ఎక్స్‌రే అవసరం ఉండదు. చాలావరకు అదే తగ్గుతుంది. పడటం, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, గతంలో క్యాన్సర్, చాలాకాలం స్టెరాయిడ్ మందులు, పెద్ద వయసులో హఠాత్తుగా వచ్చిన నొప్పి ఉంటే వెంటనే చూపించుకోవాలి. కాళ్లు బలహీనపడటం, మూత్రం బిగుసుకుపోవడం లేదా తెలియకుండా పోవడం, కూర్చునే చోట స్పర్శ లేకపోవడం ఉంటే అది అత్యవసరం. ఆ రాత్రికే ఆసుపత్రికి వెళ్లాలి. దానికి కావలసింది ఎమ్మారై.

ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది. డిస్కు, నరం, వెన్నుపాము కనిపించవు. ‘ఎక్స్‌రే బాగానే ఉంది, నీ నొప్పి అబద్ధం’ అని ఇంట్లో పెద్దవాళ్లను అనకండి. అలాగే రిపోర్టులో ‘అరుగుదల’ అని రాసినంత మాత్రాన మంచం పట్టనక్కరలేదు. 60 దాటినవారిలో నొప్పి లేకపోయినా అరుగుదల కనిపించడం మామూలే.

బొమ్మ చేతికి వచ్చాక

పేరు, వయసు, తేదీ, కుడి ఎడమల గుర్తు ఉన్నాయో చూసుకోండి. ఒకే పేరున్న మనుషులు మన కుటుంబాల్లో ఎక్కువ. తాత పేరు మనవడికి ఉంటుంది, ఇంటిపేరు రాయించడం మరవకండి. ఇప్పుడు చాలాచోట్ల ఫిల్ముకు బదులు సీడీ గానీ, ఫోనులో లింకు గానీ ఇస్తున్నారు. లింకు కొన్నాళ్లకు పనిచేయకపోవచ్చు, వెంటనే దించుకుని భద్రపరచండి.

ప్రతి ఇంట్లో ఒక ఫైలు పెట్టండి. మనిషికో కవరు, కవరు మీద తేదీలు. పాత ఫిల్ములు వేడి తగలకుండా, ఒకదానికొకటి అంటుకోకుండా ఉంచండి. పూస కొత్తగా నలిగిందా, పదేళ్ల కిందటిదా అని తేల్చడానికి డాక్టరుకు పాత బొమ్మకన్నా మంచి సాక్ష్యం లేదు. పాతది చూపిస్తే చాలాసార్లు కొత్తది తీయాల్సిన పనే ఉండదు. ఊరు మారినా, రాష్ట్రం మారినా ఆ ఫైలు మీ వెంట రావాలి.